దీపం మీద బోర్లించిన పళ్ళెం

మా పిన్ని పుట్టింట్లో ఉన్న రోజుల్లో నెలకి మూడు రోజులు పెరటి వసారాలో కూర్చునేదిట. చాప వేరు, చెంబు వేరు, కంచం వేరు. అన్నం పెట్టినా దూరం నుంచే. పెళ్ళయ్యాక బాబాయి పుణ్యమా అని ఆ బాధ వదిలింది. తీరా అరవై రెండో ఏట ఆ మూడు రోజులూ మళ్ళీ వచ్చి నెత్తిన పడ్డాయి. ఈసారి పెరట్లో కాదు, ఆస్పత్రిలో.

2016 నాటి సంగతి ఇది. ఆవిడకి థైరాయిడ్ కేన్సరని తేలింది. ఆపరేషను చేసి గ్రంథి తీసేశారు. ఇంకా ఎక్కడైనా నలుసంత మిగిలి ఉంటే అదీ పోవాలని రేడియో అయొడిన్ ఇచ్చారు. ఆ మందు ఇచ్చే తీరే వేరు. లావుపాటి సీసపు డబ్బాలో పెట్టి తెచ్చారు. ఇచ్చినాయన దూరంగా నిలబడి మింగమని చెప్పి, తలుపు మూసుకుని వెళ్ళిపోయాడు. మూడు రోజులు ఆ గదిలోకి ఎవరూ రాకూడదు. భోజనం గుమ్మం దగ్గర పెట్టేస్తారు. కట్టిన బట్ట, తిన్న పళ్ళెం విడిగా ఉంచాలి. నీళ్ళు బాగా తాగాలి, నిమ్మబద్ద చప్పరిస్తూ ఉండాలి. ఇంటికి వెళ్ళాక కూడా కొన్నాళ్ళు చంటిపిల్లల్నీ, కడుపుతో ఉన్నవాళ్ళనీ దగ్గరికి రానివ్వకూడదు.

గదిలోంచి ఫోను చేసి నవ్వింది. "ఏమే, ఇదీ మైలేనే! కాకపోతే చదువుకున్న మైల."

మా పిన్ని ఊరికే ఉండే మనిషి కాదు. ఎవరింట్లో ఇడ్లీ తిన్నా మినప్పప్పు ఎక్కడ కొన్నారని అడుగుతుంది. ఈ మందు ఎక్కడ తయారవుతుందని గుమ్మం అవతల ఉన్న నర్సునీ అడిగిందిట. "ముంబయి నుంచి వస్తుందండీ. ట్రాంబే అని ఉంది కదా, అక్కడి అణు రియాక్టర్లో చేస్తారు" అంది ఆ అమ్మాయి.

ఆ రాత్రి మళ్ళీ ఫోను. ఈసారి నవ్వు లేదు.

"లడ్డూ సంగతి గుర్తుందా నీకు?" అంది.

గుర్తులేకేం! 1998 మే నెల. పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగాయని టీవీలో చెప్పిన రోజులు. నేను వేసవి సెలవులకి కాకినాడలో పిన్ని ఇంట్లో ఉన్నాను. వీధిలో టపాకాయలు కాలుస్తున్నారు. పక్కింటావిడ పళ్ళెం నిండా లడ్డూలు పెట్టుకుని వచ్చింది. పిన్ని ఒకటి చేతిలోకి తీసుకుంది, ఎందుకో కనుక్కుంది, మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

"ఏమీ అనుకోకండి వదినగారూ. అబ్బాయికి ఉద్యోగమో, అమ్మాయికి పెళ్ళో అనండి, రెండు తింటాను. ఇది చంపే వస్తువు. దీనికి తీపి తినలేను" అంది.

ఆవిడ మొహం మాడిపోయింది. ఆవిడ కొడుకు సైన్యంలో ఉన్నాడు, కాశ్మీరు వేపు. "మీ పిల్లలు మీ కళ్ళ ముందున్నారు. అందుకని మీకలా ఉంది" అనేసి వెళ్ళిపోయింది. రెండు నెలలు రెండిళ్ళకీ మాటల్లేవు. మరుసటి ఏడే, 1999లో, కార్గిల్ యుద్ధం వచ్చింది. అది జరిగినన్నాళ్ళూ పక్కింట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. పిన్నే రోజూ కేరియరు పట్టికెళ్ళేది. ఆ అబ్బాయి క్షేమంగా తిరిగొచ్చాడు, ఆ గొడవ అంతటితో సర్దుమణిగింది. బాంబు ఉంటే యుద్ధం రాదన్న మాట మాత్రం ఆ రెండిళ్ళ మధ్య మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

"అప్పుడు వాళ్ళ లడ్డూ వద్దన్నాను. ఇప్పుడు వాళ్ళ పొయ్యిలో వండిన మందు మింగి కూర్చున్నాను. నాది రెండు నాలుకల బతుకు కాదుటే?" అంది పిన్ని.

జబ్బు మనిషిని ఊరడించాలి కదా అని, అందరూ చెప్పే మాటే నేనూ చెప్పాను. "పిచ్చి పిన్నీ! కత్తిపీటతో కూర తరగొచ్చు, పీకా కొయ్యొచ్చు. తప్పు కత్తిపీటదా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "యాభై ఏళ్ళ నుంచీ కత్తిపీట ముందు కూర్చుంటున్నానే. నేను వంకాయ తరుగుతూ ఉండగా, అదే క్షణంలో అదే కత్తి ఇంకో ఊళ్ళో ఎవరి పీకా కొయ్యదు. ఈ రియాక్టరు అలాంటిదేనా? కనుక్కుని చెప్పు."

నేను బి.ఏ. చదివినదాన్ని. నవలలో ఏ పాత్రని ఏ జబ్బుతో చంపాలో చూసుకోవడానికి తప్ప సైన్సు పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. అయినా పిన్ని అడిగింది కనక తెరిచాను. తెరిచాక అది పిన్ని ప్రశ్నగా మిగల్లేదు, నాదైపోయింది.

నాకు అర్థమైనంత వరకు చెబుతాను. యురేనియం అనే లోహం ఉంది. దాని పరమాణువుని న్యూట్రాన్ అనే చిన్న రేణువు తాకితే అది రెండుగా చీలిపోతుంది. చీలినప్పుడు వేడి పుడుతుంది, రెండో మూడో కొత్త న్యూట్రాన్లు బయటపడతాయి. అవి పోయి మరికొన్ని పరమాణువుల్ని చీలుస్తాయి. పేరంటంలో కబురు పాకినట్టు పాకుతుందన్నమాట. న్యూట్రాన్లని మింగేసే కడ్డీలు లోపలికి దించి, ఒక చీలిక వల్ల సరిగ్గా ఇంకొక్క చీలికే జరిగేలా ఆ పాకుడుని అదుపులో పెడితే అది రియాక్టరు. 1942 డిసెంబరు 2న షికాగోలో ఎన్రికో ఫెర్మీ బృందం దీన్ని మొట్టమొదటిసారి సాధించింది. ఆ బృందంలో ఆడమనిషి ఒక్కర్తే, లియోనా వుడ్స్. అప్పటికి ఆమెకి ఇరవై మూడేళ్ళు.

అన్ని రియాక్టర్లూ కరెంటు కోసమే అనుకునేదాన్ని. కాదుట. కరెంటు కోసం కట్టేది పొయ్యి లాంటిది, దాని వేడే మనకి కావాలి. పరిశోధన కోసం కట్టేది దీపం లాంటిది. దీపం వేడిగానే ఉంటుంది కాని, దాని మీద అన్నం వండుకోం. మనకి కావలసింది వెలుగు. అలాగే ఇక్కడ కావలసింది న్యూట్రాన్లు. ట్రాంబేలోని ధ్రువ రియాక్టరు శక్తి 100 మెగావాట్లు. మన ఇస్త్రీపెట్టె ఒక కిలోవాటు అనుకుంటే, లక్ష ఇస్త్రీపెట్టెలు ఒక్కసారి పెట్టినంత వేడి. ఆ వేడంతా చివరికి సముద్రపు నీళ్ళలో కలిసిపోతుంది. దానితో ఒక్క బల్బు వెలిగించరు.

మరి ఆ న్యూట్రాన్లతో ఏం చేస్తారు? చూడనివి చూస్తారు. సీసపు డబ్బాలో ఒక పువ్వు పెట్టారనుకోండి. ఎక్స్‌రేకి డబ్బా కనిపిస్తుంది, పువ్వు కనిపించదు. న్యూట్రాన్లకి సీసం గాజులా ఉంటుంది, నీటి తడి ఉన్న పువ్వు రేకులు కనిపిస్తాయి. మనుషుల్లోనూ అలాంటివాళ్ళుంటే ఎంత బాగుండునో! పరమాణువులు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎలా కదులుతున్నాయో న్యూట్రాన్లతో కనిపెట్టే విద్యకి 1994లో క్లిఫర్డ్ షల్, బెర్‌ట్రామ్ బ్రాక్‌హౌస్‌లకి నోబెల్ బహుమతి వచ్చింది. బ్రాక్‌హౌస్ పనిచేసింది కెనడాలోని చాక్ రివర్ రియాక్టరు దగ్గర. మన పి.కె. అయ్యంగార్ యువకుడిగా ఉన్నప్పుడు అక్కడికి వెళ్ళి, ఆయన దగ్గరే ఆ విద్య నేర్చుకుని వచ్చారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

అన్నిటికంటె మనకి దగ్గరది మందు. టెల్లూరియం అనే పదార్థాన్ని రియాక్టర్లో పెడితే, న్యూట్రాన్లు తగిలి అది చివరికి అయొడిన్-131 అవుతుంది. మన ఒంట్లో అయొడిన్ కోసం అర్రులు చాచేది థైరాయిడ్ కణాలే. అది మామూలు అయొడినో, మండే అయొడినో వాటికి తెలియదు. ఆశపడి మింగి, లోపలి నుంచి కాలిపోతాయి. అత్యాశ మీద ఇంత చక్కటి నీతికథ నేనైతే రాయలేను. పైగా ఈ మందు నిలవ ఉండదు. ఎనిమిది రోజులకి సగమైపోతుంది, ఎనభై రోజులకి వెయ్యో వంతు మిగులుతుంది. ఊరగాయలా జాడీలో పెట్టుకోవడానికి లేదు. ఎక్కడో ఒక చోట రియాక్టరు నడుస్తూ, మళ్ళీ మళ్ళీ చేస్తూ ఉంటేనే మా పిన్ని లాంటి వాళ్ళకి అందుతుంది.

ఇక్కడిదాకా చదివి, హాయిగా పిన్నికి ఫోను చేద్దామనుకున్నాను. కాని దీపమన్నాక మసి ఉంటుంది కదా. ఆ పేజీ కూడా తిప్పాల్సి వచ్చింది.

గనిలోంచి తీసిన యురేనియంలో సులువుగా చీలే రకం నూటికి ఒక పాలు కూడా ఉండదు, 0.7 శాతమే. మిగతా 99.3 శాతం అంత తొందరగా చీలదు. చీలదు గాని ఊరికే ఉండదు. దారిన పోయే న్యూట్రాన్‌ని మింగి, కొద్దిరోజుల్లో ప్లుటోనియంగా మారుతుంది. చెయ్యమని ఎవరూ చెప్పక్కర్లేదు, వద్దన్నా ఆగదు. అంటే మా పిన్ని మందు తయారైన ఆ రోజుల్లోనే, ఆ రియాక్టర్లోనే, పక్కనున్న కడ్డీల్లో ప్లుటోనియం కూడా తయారవుతూ ఉంటుంది. అయొడిన్ సగం కావడానికి ఎనిమిది రోజులైతే, ప్లుటోనియం సగం కావడానికి దాదాపు 24,000 ఏళ్ళు. బాంబుకి పనికొచ్చేది అది.

పిన్ని అనుమానమే నిజం. ఇది కత్తిపీట కాదు. ఒకే దీపం, ఒకే క్షణంలో, వెలుగూ ఇస్తుంది, మసీ ఇస్తుంది. "మంచికి వాడితే మంచిది, చెడుకి వాడితే చెడ్డది" అని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

అయితే రియాక్టరు అన్నదే పాపమా? మా అమ్మమ్మ కాటుక పట్టడం గుర్తొచ్చింది. రాత్రి ఆముదం దీపం వెలిగించి, దాని మీద ఎత్తుగా పళ్ళెం బోర్లించేది. తెల్లారేసరికి పళ్ళేనికి దట్టంగా మసి పట్టేది. దాన్ని గీకి, ఆముదం చుక్క వేసి రంగరించి, భరిణెలో పెట్టేది. దీపం వెలిగితే మసి రాక తప్పదు. అందులో అమ్మమ్మ ప్రమేయం లేదు. కాని పళ్ళెం బోర్లించడం మాత్రం అమ్మమ్మ పనే. ఆవిడ బోర్లించకపోతే ఆ మసి గోడకో కప్పుకో పట్టి ఉండేదే గాని, భరిణెలోకి నడిచి వచ్చేది కాదు.

ఇక్కడా అంతే. కడ్డీలో పుట్టిన ప్లుటోనియం కడ్డీలోనే, భయంకరంగా వెలువడే కిరణాల మధ్య ఇరుక్కుని ఉంటుంది. దాన్ని విడదీయాలంటే వేరే కర్మాగారం కట్టాలి. మందపాటి గోడల వెనక ఆ కడ్డీల్ని ఆమ్లంలో కరిగించి, దేనికది వేరుచెయ్యాలి. ఇది పొరపాటున జరిగే పని కాదు. ఎవరో ఆలోచించి, డబ్బిచ్చి, సంతకం పెడితేనే జరుగుతుంది. ధర్మం, అధర్మం అన్నవి దీపం దగ్గర లేవు. పళ్ళెం బోర్లించిన చేతి దగ్గర ఉన్నాయి.

ఇలా చూస్తే మన రియాక్టర్ల కథ కొత్తగా కనిపించింది నాకు. ట్రాంబేలో మొదటిది అప్సర. 1956 ఆగస్టు 4న వెలిగింది. నీళ్ళ కొలనులో మునిగి ఉండే రియాక్టరు. పనిచేస్తున్నప్పుడు ఆ నీళ్ళలో నీలి కాంతి మెరుస్తుంది. అది చూసి జవహర్‌లాల్ నెహ్రూ అప్సర అని పేరు పెట్టారు. 1957 జనవరిలో దాన్ని ప్రారంభిస్తూ, ఎలాంటి పరిస్థితి వచ్చినా ఈ శక్తిని చెడ్డపనులకి వాడబోమని కూడా అన్నారు. అప్సరకి శుద్ధి చేసిన యురేనియం బ్రిటన్ నుంచి వచ్చింది. చిన్న దీపం, నేతి దీపం. మసి బహు తక్కువ. కాకపోతే నెయ్యి పొరుగింటిది.

రెండోది సైరస్, 40 మెగావాట్లు. 1960 జులైలో వెలిగింది. రియాక్టరు కెనడా ఇచ్చింది, అందులోకి భారజలం అమెరికా ఇచ్చింది. శాంతి పనులకే వాడతామని మనం మాట ఇచ్చాం. దీనిలో వాడేది శుద్ధి అక్కర్లేని మామూలు యురేనియం. అది మన నేల మీద దొరుకుతుంది, ఎవర్నీ అడుక్కోనక్కర్లేదు. కాని ఆముదం దీపం. మసి ఎక్కువ. 1960ల మధ్యకి ట్రాంబేలోనే ప్లుటోనియం విడదీసే కర్మాగారమూ వచ్చింది. 1974 మే 18న పోఖ్రాన్‌లో జరిపిన మొదటి అణుపరీక్షలో వాడింది సైరస్‌లో పుట్టిన ప్లుటోనియమే. ఆ పనిలో ముఖ్యులైన వాళ్ళలో రాజా రామన్న ఒకరు, నేను గుర్తుంచుకోమన్న పి.కె. అయ్యంగార్ ఒకరు.

మనం అది శాంతియుతమైన పేలుడు అన్నాం. కెనడా ఒప్పుకోలేదు. మనకిచ్చే అణు సహకారం ఆపేసింది. చాలా ఏళ్ళ తర్వాత, 1997లో, అది బాంబే అని రామన్నగారే పైకి చెప్పారు.

ఇంటి భాషలో చెప్పాలంటే, పేరంటానికని పొరుగింటావిడ పట్టుచీర అరువు తెచ్చుకున్నాం. దాన్ని కట్టుకుని వీధిలో కొట్లాటకి వెళ్ళాం. ఏమిటమ్మా ఇదీ అంటే, ఇదీ ఒక రకం పేరంటమే అన్నాం. వెళ్ళడానికి మన కారణాలు మనకున్నాయి. 1962లో చైనాతో యుద్ధంలో దెబ్బ తిన్నాం, 1964లో చైనా అణుబాంబు పేల్చింది. వీధిలో బలమైనవాడు కర్ర పట్టుకు తిరుగుతుంటే మనమూ ఓ కర్ర దగ్గరుంచుకోవాలనిపించడం సహజం. దాన్ని కాదనే ధైర్యం నాకు లేదు. పక్కింటావిడ మొహం నాకింకా గుర్తుంది. కాని కారణం ఉన్నంత మాత్రాన మాట మాట కాకపోతుందా? అవసరం పడితే మాట తప్పవచ్చని పిల్లలకి చెప్పగలమా? "చీర నీదే, తప్పు నాదే, అవసరం అంతటిది" అనైనా అనాలి కదా. పేరంటమని బుకాయించడం నాకు మింగుడుపడలేదు.

పళ్ళెం బోర్లించిన వాళ్ళు అది కాటుక కోసమే అనవచ్చు. అందులో నిజమూ ఉంది. మన దగ్గర యురేనియం తక్కువ, థోరియం ఎక్కువ. మన భీమునిపట్నం ఇసుకలో కూడా ఉంది. ప్లుటోనియాన్ని మరో రకం రియాక్టర్లలో వాడి, మెల్లిగా థోరియాన్ని వాడుకునే దశకి చేరాలన్నది హోమీ భాభా వేసిన పథకం. కాటుక బిడ్డ కళ్ళకే కావచ్చు. కాని భరిణె మూత పెట్టి ఉన్నప్పుడు, బిడ్డ కళ్ళకి ఎంత, మరోదానికి ఎంత అన్నది ఇంట్లో వాళ్ళకి తెలియదు. 1985లో వెలిగిన ధ్రువ మనవాళ్ళు సొంతంగా కట్టుకున్నది. మందులకి కావలసిన ఐసోటోపులు ఎక్కువగా అక్కడే తయారవుతాయి. దానికీ మామూలు యురేనియమే. అంతర్జాతీయ తనిఖీదార్లకి అందులోకి ప్రవేశం లేదు.

లీజా మైట్నర్ అనే ఆవిడ కథ చెప్పి తీరాలి. యురేనియం రెండుగా చీలుతోందని మొదట అర్థం చేసుకున్నవాళ్ళలో ఆవిడ ఒకరు. యూదు కుటుంబంలో పుట్టడం వల్ల జర్మనీ నుంచి 1938లో పారిపోవలసి వచ్చింది. ఆ ఏడు చివర్లో స్వీడన్‌లో అక్క కొడుకు ఆటో ఫ్రిష్‌తో కలిసి ఆ లెక్క కట్టింది. తర్వాత బాంబు పనికి రమ్మంటే రానంది. నోబెల్ బహుమతి ఆవిడతో ముప్పై ఏళ్ళు కలిసి పనిచేసిన ఆటో హాన్‌కి వెళ్ళింది, ఆవిడకి రాలేదు. ఆడవాళ్ళకి ఇది కొత్త కథ కాదులెండి. నేను చెప్పదలచింది అది కాదు. ఆవిడ దీపాన్ని వద్దనలేదు. పరమాణువు చీలుతుందన్న నిజాన్ని దాచెయ్యాలనీ అనలేదు. పళ్ళెం పట్టుకోమంటే పట్టుకోనంది, అంతే. ఆ గీత ఎక్కడ గియ్యాలో ఆవిడకి తెలుసు.

అయ్యంగార్‌గారు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు. పరమాణువుల కదలికలు వెతికిన చేతులే పళ్ళెం కూడా పట్టుకున్నాయి. ఆయన్ని రాక్షసుడని నేను అనుకోను. దేశానికి అవసరమని నమ్మారు. మనుషులందరం అంతే, సగం వెలుగు, సగం మసి. కాని నమ్మకం ఎంత గట్టిదైనా, నలుగురిలో పెట్టి చర్చించవలసిన సంగతిని నలుగురైదుగురు గదిలో కూర్చుని తేల్చెయ్యడం మాత్రం బాధగానే ఉంటుంది.

ఇదంతా మోసుకుని పిన్ని దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ఆవిడ ఇంటికి వచ్చి నెల దాటింది. పెరట్లో కూర్చుని మెంతికూర బాగుచేస్తోంది. దీపం, మసి, పళ్ళెం అన్నీ చెప్పాను. "నువ్వు లడ్డూ వద్దన్నది పళ్ళేన్ని. మందు మింగింది దీపాన్ని. రెండు నాలుకలెక్కడివి?" అన్నాను గర్వంగా.

పిన్ని మెంతికాడ తుంచి పక్కన పడేసింది. "బాగానే చెప్పావు. కాని ఒక్కటి చెప్పు. పళ్ళెం ఆశే లేకపోతే, అంత పెద్ద ఆముదం దీపం వెలిగించేవాళ్ళా? నా ఒక్కదాని మందు కోసం వెలిగిస్తారా?"

నా నోట మాట రాలేదు. నిజం చెప్పొద్దూ, ఈ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ శుభ్రమైన జవాబు లేదు. చిన్న దీపాలతో కూడా చాలా పనులు జరుగుతాయన్నది మాత్రం నిజం. కల్పాక్కంలో 1996 నుంచి కామినీ అనే రియాక్టరు ఉంది. థోరియం నుంచి తీసిన ఇంధనంతో నడుస్తుంది. దాని శక్తి 30 కిలోవాట్లు, ముప్పై ఇస్త్రీపెట్టెలంత. మూతపెట్టిన వస్తువుల లోపల ఏముందో న్యూట్రాన్లతో చూసేది అక్కడే. పాత అప్సర 2009లో ఆరిపోయింది. ఆ చోటే 2018 సెప్టెంబరులో కొత్త అప్సర వెలిగింది, 2 మెగావాట్లు. వాడేది బాంబుకి పనికిరానంత తక్కువ శుద్ధి చేసిన యురేనియం. అందులోనూ మందులకి ఐసోటోపులు చేస్తారు. సైరస్‌ని 2010 డిసెంబరు 31న శాశ్వతంగా ఆర్పేశారు. కెనడాతో మళ్ళీ అణు ఒప్పందం కుదిరిందీ ఆ ఏడే. చీర సంగతి ఎవరూ ఎత్తలేదు కాబోలు.

పెద్ద దీపం దేని కోసం వెలిగించారన్నది పక్కన పెడితే, మందు మానేసి పిన్ని చచ్చిపోతే ఆ దీపం ఆరేదా? ఆరేది కాదు. ఆవిడ త్యాగం వల్ల ఒక్క గ్రాము మసి తగ్గేది కాదు. మరి మందు తీసుకున్నందుకు కృతజ్ఞతగా నోరు మూసుకోవాలా? అదీ నాకు న్యాయంగా తోచలేదు. అన్నం పెట్టిన ఇంట్లో తప్పు జరుగుతుంటే చెప్పకూడదంటే, ఈ దేశంలో కోడళ్ళెవరూ నోరు విప్పకూడదు. వెలుగులో కూర్చున్నవాళ్ళకే కదా కప్పుకి పట్టిన మసి కనిపించేది. దూరంగా చీకట్లో ఉన్నవాళ్ళకి ఏం తెలుస్తుంది? లడ్డూ వద్దన్ననాడు పిన్ని బయటి మనిషి. మందు మింగాక లోపలి మనిషి. అడిగే హక్కు తగ్గలేదు, పెరిగింది. ఇంకా నిజం చెప్పాలంటే, ఇప్పుడది హక్కు కూడా కాదు, బాధ్యత.

ఏడాది తిరిగాక స్కానులో ఏమీ లేదని డాక్టరుగారు చెప్పారు. పిన్ని ఆ సాయంత్రమే సున్నుండలు చేసి పక్కింటికి పట్టికెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. ఆవిడ రెండు తిని, మూడోది చేతిలో పట్టుకుని నవ్వింది.

"చూశారా వదినా, ఆనాటి నా లడ్డూ, ఈనాటి మీ సున్నుండా, రెండూ ఒక్క ఇంటి నుంచే వచ్చాయి."

పాతికేళ్ళ కిందటైతే మా పిన్ని లేచి వచ్చేసేది. ఇప్పుడు కొంగుతో చెయ్యి తుడుచుకుని, నెమ్మదిగా అంది:

"ఔను వదినా. మన ఇల్లే కదా. అందుకే అడుగుతూ ఉండాలి."